పైలట్ కోర్సులో ఐఆర్: గంట రేటు చూసి స్కూలు మార్చకండి

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. ప్రైవేట్ లైసెన్స్ వచ్చింది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్) మొదలుపెట్టి మూడు నెలలైంది, ఇంకా పూర్తి కాలేదు. ఒక స్టేజ్ చెక్ (స్కూలు మధ్యలో పెట్టే పరీక్ష) ఫెయిలయ్యాడు. వాడితో పాటు వెళ్లిన కుర్రాడికి అప్పుడే అయిపోయింది. గంటకు 30 డాలర్లు తక్కువకి, పది రోజుల్లో పూర్తి చేయించే చోటు ఉందని ఏజెంటు చెబుతున్నాడు. అక్కడికి మార్చమంటారా? లేక ఇండియాకి రప్పించి ఇక్కడ చేయిస్తే చవకా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అడిగినవన్నీ డబ్బు లెక్కలే అయినా అసలు దిగులు వేరని తెలుస్తూనే ఉంది. మావాడికి ఇది వస్తుందా, రాదా అని కదా మీ భయం! వస్తుందండీ. ఐఆర్‌కి మూడు నెలలు పట్టడం ఆలస్యం కిందికి రాదు. స్టేజ్ చెక్ ఒకసారి పోవడం కూడా ఈ దశలో మామూలే.

ప్రైవేట్ లైసెన్స్ వరకు పిల్లవాడు అద్దంలోంచి బయటికి చూసి విమానం నడుపుతాడు. ఐఆర్ అంటే బయట ఏమీ కనిపించకపోయినా గేజీలు చూసి నడపడం, అందుకని కళ్లకు అడ్డంగా హుడ్ పెడతారు. ఇక కనిపించేది ప్యానెల్ ఒక్కటే. విమానం సమంగా ఉన్నా ఒక పక్కకి ఒరిగినట్టు చెవి లోపలి నుంచి తప్పుడు సంకేతం వస్తుంది. దాన్ని నమ్మకుండా గేజీలనే నమ్మాలి. ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో కిరణాలు) మీద 90 నాట్ల గ్రౌండ్ స్పీడ్‌తో (నేలతో పోల్చిన వేగం) దిగేటప్పుడు మూడు డిగ్రీల వాలుకి నిమిషానికి సుమారు 450 అడుగులు దిగాలి. స్పీడుని ఐదుతో గుణిస్తే ఆ అంకె వస్తుంది. వెనక గాలి తోసి గ్రౌండ్ స్పీడ్ 110 అయితే 550 అడుగులు కావాలి. కొత్తవాడు ఆ లెక్క వదిలేసి సూది వెంట పరిగెడతాడు. దిగే వాలు చూపే గ్లైడ్‌స్లోప్ సూది కిందికి జారగానే ముక్కు దించుతాడు, స్పీడు పెరుగుతుంది, ఈలోగా రన్‌వే దిశ చూపే లోకలైజర్ సూది పక్కకి పోతుంది. పైగా రన్‌వే దగ్గరపడేకొద్దీ కిరణం సన్నబడుతుంది కాబట్టి దిద్దుబాట్లు చిన్నవి కావాలి. కంగారులో అవే పెద్దవవుతాయి. చెక్‌లు ఎక్కువగా పోయేది ఇక్కడే. అమెరికా పరీక్షలో ఎత్తు 100 అడుగులు, దిశ 10 డిగ్రీలు, వేగం 10 నాట్లు దాటి అటూ ఇటూ పోకూడదు. రన్‌వేకి దిగే చివరి దశలో సూది ముప్పాతిక స్కేలు దాటకూడదు. ఇది చేతికి రావడానికి తెలివితేటల కంటే వరసగా ఎగరడమే ఎక్కువ అవసరం.

ఇక మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. పక్క కుర్రాడితో పోల్చడం ఆపండి. ఫోన్ చేసినప్పుడల్లా "ఇవాళ ఎన్ని గంటలయ్యాయి" అని అడుగుతుంటే అది కూడా మానండి. ఆ ప్రశ్న వల్ల పిల్లవాడు సిద్ధం కాకుండానే పరీక్షకి కూర్చుంటాడు. ఫైనల్ చెక్‌రైడ్ పోతే అది అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ రికార్డులో ఉండిపోతుంది, మళ్లీ ఎగ్జామినర్ ఫీజు కట్టాలి, మళ్లీ డేట్ కోసం ఎదురుచూడాలి. స్టేజ్ చెక్ స్కూలు లోపలి పరీక్ష. అక్కడ తప్పు దొరకడం మీకు మిగులే. అడగాల్సింది వేరే ఉంది: వారానికి ఎన్నిసార్లు ఎగురుతున్నావు, ఇన్‌స్ట్రక్టర్ ఒక్కరేనా, మారుతున్నారా? వారానికి మూడు నాలుగు సార్లు ఎగిరితే నేర్చుకున్నది నిలుస్తుంది. రెండు వారాలు గ్యాప్ వస్తే తర్వాతి రెండు ఫ్లైట్లు పాత పాఠానికే పోతాయి.

ఖర్చు పెరిగేది కూడా అక్కడే. ఒక లెక్క వేసి చూడండి. గంటకు 190 డాలర్ల చోట ఖాళీలతో సాగి 60 గంటలు పడితే 11,400 అవుతుంది. 220 డాలర్ల చోట వరసగా ఎగిరి 45 గంటల్లో అయితే 9,900. ఏజెంటు చూపించే 30 డాలర్ల తేడా ఇలా ఆవిరైపోతుంది. ఆ రేటులో ఇంధనం కలిసిందా, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు వేరా, నేల మీద చెప్పే పాఠానికి కూడా గంట లెక్కేనా అన్నవి కాగితం మీద రాయించుకోండి.

పది రోజుల కోర్సు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. అది మోసం అనడం లేదు. సొంత విమానం ఉండి, వందల గంటలు ఎగిరి, రేడియోలో తడబడని వాళ్లకి అది పనికొస్తుంది. మీవాడు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాడు, పైగా ఎయిర్‌లైన్‌లోకి వెళ్లాల్సినవాడు. పది రోజుల్లో పరీక్షకి కావలసిన అప్రోచ్‌లే (రన్‌వేకి దిగే పద్ధతులు) మళ్లీ మళ్లీ చేయిస్తారు. హోల్డింగ్‌లో (గాల్లో చక్కర్లు కొడుతూ ఆగడం) గాలి మారితే ఏం చేయాలి, ఒక గేజీ చచ్చిపోతే ఎలా దిగాలి, రేడియో పోతే ఏ ఎత్తు పట్టుకోవాలి అన్నవి నానాలంటే రోజులు కావాలి. ఆరు నెలల తర్వాత ఎయిర్‌లైన్ సిమ్యులేటర్ పరీక్షలో ఆటోపైలట్ లేకుండా ఐఎల్ఎస్ చేయమన్నప్పుడు బయటపడేది ఈ లోటే. ఇక్కడ నాలుగు డబ్బులు మిగిల్చి, ఉద్యోగం చేతిలో లేకుండానే లక్షలు పోసి ఎయిర్‌బస్ టైప్ రేటింగ్ (ఆ విమానం నడిపే అర్హత) కొనే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పునాది ఐఆరే.

ఇంకో మాట ఏజెంటు చెప్పి ఉండడు. మీవాడు ఎం-1 వీసా (వృత్తి శిక్షణకి ఇచ్చే విద్యార్థి వీసా) మీద ఉంటే ఆరు నెలలు దాటాక మామూలు కారణాలతో స్కూలు మారడం కుదరదు. విద్యార్థి వీసాకి కాగితాలిచ్చే స్కూళ్లు పార్ట్ 141 కింద, అంటే ఎఫ్ఏఏ ఆమోదించిన సిలబస్‌తో నడుస్తాయి. చిన్న చవక స్కూళ్లు చాలావరకు ఆ ఆమోదం అక్కర్లేని పార్ట్ 61 కిందివి, అక్కడికి మారితే వీసాకే ఎసరు.

పార్ట్ 141లో ఉన్నందుకు మీరు చూసుకోవాల్సింది ఒకటుంది. అక్కడ ఐఆర్‌కి 35 గంటల శిక్షణ చాలు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ కావాలి, అందులో సిమ్యులేటర్ 20కి మించకూడదు. పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత తనదిగా) 50 గంటల క్రాస్ కంట్రీ (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగరడం) కూడా అడుగుతుంది. పార్ట్ 141 ఐఆర్ కోర్సులో ఆ 50 గంటల షరతే లేదు. ప్రైవేట్ లైసెన్స్‌లో చేసిన హుడ్ గంటలు, రాబోయే కమర్షియల్ కోర్సు గంటలు కలిపి ఈ రెండు అంకెలూ అక్కడే పూర్తవుతాయో లేదో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని లెక్క కట్టమనండి. లాగ్‌బుక్‌లో హుడ్ కింద ఎంత, నిజమైన మేఘంలో ఎంత, సిమ్యులేటర్‌లో ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. ఈ తేడా హైదరాబాద్ వచ్చాక బయటపడితే తడిసి మోపెడవుతుంది.

ఇండియా సంగతి అడిగారు. ఇక్కడా మంచి ఇన్‌స్ట్రక్టర్లున్నారు, మన వాతావరణంలో, మన రేడియోలో అలవాటవడం లాభమే. కానీ చాలా శిక్షణ మైదానాల్లో ఐఎల్ఎస్ లేదు, అప్రోచ్ ప్రాక్టీసుకి వేరే ఎయిర్‌పోర్టుకి వెళ్లాలి. మల్టీ ఇంజిన్ విమానం ఒక్కటే ఉన్నచోట అది మరమ్మతుకి పోతే వారాలు ఆగాలి. 2025లో డీజీసీఏ తొలిసారి ఫ్లయింగ్ స్కూళ్లకి ర్యాంకులిస్తే పై రెండు శ్రేణుల్లో ఒక్కటీ లేదు. 13 బీలో, 22 సీలో ఉన్నాయి. మొదటి నుంచీ ఇక్కడ చేరే పిల్లలకి ఈ పోలిక అవసరం. సగంలో ఉన్న మీవాడికి వీసా, కట్టిన డబ్బు, నేర్చుకున్న లయ మూడూ పోతాయి. అక్కడే పూర్తి చేయనివ్వండి.

ఈ వారం అబ్బాయితో మూడు పనులు చేయించండి. స్టేజ్ చెక్‌లో ఏ అంశం పోయిందో చెక్ చేసినవాళ్లు రాసిన కాగితం అడిగి తీసుకోమనండి. హోల్డింగ్, సూది పట్టుకోవడం లాంటివి ముందు సిమ్యులేటర్‌లో నాలుగైదు గంటలు చేయమనండి. అక్కడ తప్పు దగ్గర ఆపి చూపించవచ్చు, రేటూ తక్కువ. ఇన్‌స్ట్రక్టర్‌ని తన పక్కన ఉండి రెండు మూడు గంటలైనా అసలు మేఘంలోకి తీసుకెళ్లమని అడగమనండి. టెక్సస్‌లో మబ్బు పట్టిన ఉదయాలకి కొదవ లేదు. ఉరుములున్న మేఘాలు మాత్రం వద్దు. తర్వాత రీచెక్‌కి డేట్ తీసుకోవచ్చు. ఆ రోజు ఫోన్ వాణ్నే చేయనివ్వండి.