డాక్యుమెంటరీలు చూడబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్‌లో "తాతయ్యా, ఈ సెలవుల్లో చూడటానికి మంచి డాక్యుమెంటరీలు ఓ పది చెప్పు" అన్నావు. పది పేర్లు అప్పుడే చెప్పెయ్యొచ్చు. కానీ ఫోన్ పెట్టేశాక కూర్చుని ఆలోచిస్తే, ఉత్త పేర్లు ఇస్తే నీకు సగమే ఇచ్చినట్టు అనిపించింది. నలభై ఏళ్ళ పైబడి వీటిని చూస్తున్నాను. బళ్ళో పాఠం చెప్పే రోజుల్లో పిల్లలకి చూపించాను, రిటైరయ్యాక నా కోసం చూసుకుంటున్నాను. ఇన్నేళ్ళకి నా దగ్గర మిగిలిన కొలబద్ద ఒక్కటే. తెర మీద ఎవరేం చెప్పినా, "ఈ సంగతి వీళ్ళకి ఎలా తెలిసింది?" అని అడుగు. దానికి జవాబు దొరికేలా తీసింది మంచి డాక్యుమెంటరీ. జవాబు దాచిపెట్టి నిన్ను ఊరికే ఆశ్చర్యపరచాలని చూసేది ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టెయ్.

'ది వరల్డ్ ఎట్ వార్'తో మొదలుపెట్టు. రెండో ప్రపంచ యుద్ధం మీద బ్రిటన్‌లో థేమ్స్ టెలివిజన్ తీసిన 26 ఎపిసోడ్ల సీరీస్. 1973, 74లలో ప్రసారమైంది. వ్యాఖ్యానం బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలీవియర్‌ది. ఫ్రాన్స్‌లో ఒరాడూర్ అనే ఊరి శిథిలాలతో మొదలవుతుంది. 1944 జూన్‌లో ఒకే రోజు జర్మన్ సైనికులు ఆరు వందల మందికి పైగా ప్రాణాలు తీసిన ఊరది. పైకప్పుల్లేని గోడలు, మనుషుల్లేని వీధి, నింపాదిగా మాట్లాడే ఆ గొంతు. మొదటిసారి చూసినప్పుడు ఆ ఎపిసోడ్ అయిపోయాక చాలాసేపు నేను లేవలేదు.

అది గొప్పది కావడానికి అసలు కారణం మనుషులు. దాన్ని తీసేనాటికి యుద్ధం ముగిసి ముప్పై ఏళ్ళు కూడా కాలేదు. చూసినవాళ్ళు, చేసినవాళ్ళు, పడినవాళ్ళు ఇంకా బతికున్నారు. సేనానులే కాదు, రెండు వైపుల మామూలు సైనికులూ నావికులూ, బాంబుల కింద కాపురాలు చేసిన గృహిణులూ మాట్లాడతారు. హిట్లర్ సెక్రటరీగా పనిచేసిన ఆవిడ కూడా కనిపిస్తుంది. ఇవాళ ఎంత డబ్బు పోసినా అలాంటి సీరీస్ మళ్ళీ తీయలేరు. ఆ సాక్షులు ఇప్పుడు లేరు.

అలాగని సాక్షి చెప్పిందల్లా నమ్మెయ్యకు. హిట్లర్ దగ్గర ఆయుధాల మంత్రిగా చేసిన ఆల్బర్ట్ స్పీర్ అందులో చాలా మర్యాదగా, తెలివిగా మాట్లాడతాడు. 20 ఏళ్ళ జైలు శిక్ష పూర్తిచేసి 1966లో బయటికొచ్చిన మనిషి. యూదుల సామూహిక హత్యల సంగతి తనకు తెలియదని బతికినంతకాలం చెప్పుకున్నాడు. ఆ మాట నిలబడదని తర్వాత చరిత్రకారులు కాగితాలతో తేల్చారు. ఆయన మాట్లాడేటప్పుడు ఏం చెబుతున్నాడో వింటూనే, అలా చెప్పడం వల్ల ఆయనకేం లాభమో కూడా ఆలోచించు. కోర్టులో సాక్షిని వినాల్సింది కూడా ఇలాగే కదా.

ఈ సీరీస్‌లో 20వ ఎపిసోడ్ ఆ హత్యాకాండ గురించే. అది మాత్రం రాత్రిపూట ఒంటరిగా చూడకు. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని పగటిపూట చూడు. చూడకుండా వదిలెయ్యమని మాత్రం చెప్పను.

ఏ డాక్యుమెంటరీ పెట్టినా ముందు అది ఏ సంవత్సరంలో తీశారో చూసుకో. జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో పంపుకున్న రహస్య సంకేతాల్ని యుద్ధంలో బ్రిటన్ ఛేదించిన సంగతి 1974 దాకా రహస్యంగానే ఉంది. అందుకే ఇంత పెద్ద సీరీస్‌లోనూ ఆ కథ ఉండదు. అది తీసినవాళ్ళ తప్పు కాదు, వాళ్ళ కాలం అంతే. 1973లోనే బీబీసీలో వచ్చిన 'ది అసెంట్ ఆఫ్ మ్యాన్' కూడా ఇలా చూడాల్సిందే. జేకబ్ బ్రొనోవ్‌స్కీ అనే గణిత శాస్త్రవేత్త మనిషి విజ్ఞానం ఎలా పెరిగిందో 13 ఎపిసోడ్లలో చెబుతాడు. అందులో ఒకచోట ఆయన నాజీల హత్యా శిబిరం ఆష్‌విట్జ్‌లో, అక్కడ హతులైనవాళ్ళ చితాభస్మం పారబోసిన నీటిగుంట దగ్గర నిలబడతాడు. తన బంధువులు ఎందరో అక్కడ పోయారని చెప్పి, బూట్లతోనే నీళ్ళలోకి దిగి, వంగి ఆ బురదని పిడికిట్లోకి తీసుకుంటాడు. తనకే అంతా తెలుసనుకునే గర్వం మనిషి చేత ఏం చేయిస్తుందో ఆయన చెప్పాలనుకున్నది ఆ ఒక్క పనిలో అర్థమవుతుంది. అయితే అక్కడ చనిపోయినవాళ్ళు నలభై లక్షలని ఆయన అంటాడు. తర్వాతి పరిశోధనల్లో ఆ సంఖ్య దాదాపు 11 లక్షలని తేలింది. ఘోరం రవ్వంత తగ్గలేదు, లెక్క మాత్రం మారింది. పాత డాక్యుమెంటరీల్లో అంకెలు వచ్చినప్పుడల్లా ఒకసారి సరిచూసుకోవడం అలవాటు చేసుకో.

లెక్కలంటే నీకు భయమని తెలుసు. అయినా 1996లో బీబీసీ 'హొరైజన్' కార్యక్రమంలో వచ్చిన ఫెర్మా చివరి సిద్ధాంతం ఎపిసోడ్ తప్పకుండా చూడు. మూడు వందల ఏళ్ళకి పైగా ఎవరూ రుజువు చేయలేకపోయిన లెక్క అది. గంట కూడా ఉండదు. ఆండ్రూ వైల్స్ అనే ఆయన పదేళ్ళ వయసులో లైబ్రరీ పుస్తకంలో ఈ చిక్కుముడి చూశాడు. పెద్దయ్యాక ఏడేళ్ళపాటు దాదాపు ఎవరికీ చెప్పకుండా దాని మీదే కూర్చున్నాడు. 1993లో సాధించానని ప్రకటించాడు. ప్రపంచమంతా పొగిడాక అందులో ఒక తప్పు బయటపడింది. అందరూ చూస్తుండగా ఏడాదికి పైగా నలిగిపోయి, తన పూర్వ శిష్యుడు రిచర్డ్ టేలర్ సాయంతో 1994 సెప్టెంబరులో దాన్ని సరిదిద్దాడు. దారి తోచిన ఆ ఉదయం గురించి చెప్పబోయి మాట పెగలక ఆయన మొహం పక్కకి తిప్పుకుంటాడు. కెమెరా కదలకుండా అక్కడే ఉంటుంది. అందులో గణితం నాకు పదో వంతు కూడా అర్థం కాలేదు, కానీ ఒక మనిషికి ఒక ప్రశ్న మీద ఇంత ప్రేమ ఉండొచ్చని అర్థమైంది. నీకు ఇప్పుడు కావలసింది అదే.

ఇక నీకిష్టమైన జంతువుల సంగతి. డేవిడ్ అటెన్‌బరో 1979లో చేసిన 'లైఫ్ ఆన్ ఎర్త్', ఆ తర్వాత 'ప్లానెట్ ఎర్త్', 'బ్లూ ప్లానెట్' అన్నీ చూడదగ్గవే, పొగడ్తలు నేను వేరే చెప్పక్కర్లేదు. కానీ మన ప్రశ్న బాగా గట్టిగా అడగాల్సింది ఇక్కడే. జంతువు మాట్లాడదు. దాని తరఫున మాట్లాడేది ఎప్పుడూ మనిషే.

'వైట్ వైల్డర్‌నెస్' అని 1958లో ఒక చిత్రం వచ్చింది, ఆస్కార్ కూడా గెలిచింది. అందులో లెమింగ్‌లనే చిన్న ఎలుకజాతి ప్రాణులు గుంపుగా వచ్చి కొండ మీంచి సముద్రంలోకి దూకి చస్తాయి. వాటి స్వభావమే అంత అన్నట్టు చూపించారు. 1982లో కెనడా టీవీ కార్యక్రమం ఒకటి దీని మీద ఆరా తీసింది. ఆ దృశ్యం తీసింది కెనడాలో సముద్రమే లేని ఆల్బర్టా రాష్ట్రంలో. ఆ ప్రాణుల్ని వేరేచోట కొని తెచ్చారు. అవి దూకలేదు, మనుషులే తోశారు. కెమెరాని ఎక్కడ పెట్టాలో అక్కడ పెడితే గుప్పెడు ప్రాణులు వందలుగా కనిపించాయి. లెమింగ్‌లు ఆత్మహత్య చేసుకుంటాయన్న మాట ఇప్పటికీ జనం నోళ్ళలో ఉంది. నేనూ ఒకప్పుడు ఎక్కడో విన్నది నమ్మి క్లాసులో ఆ మాట చెప్పాను. నిజం తెలిశాక మరుసటి ఏడాది పిల్లలకి సరిగ్గా చెప్పాను గానీ, అంతకు ముందు విన్నవాళ్ళు బడి దాటి వెళ్ళిపోయారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అన్నీ మోసాలు కావు. కొన్నిచోట్ల తప్పనిసరి సర్దుబాట్లు ఉంటాయి. 2011లో వచ్చిన 'ఫ్రోజెన్ ప్లానెట్'లో ధ్రువపు ఎలుగుబంటి పిల్లల్ని కనే దృశ్యం నెదర్లాండ్స్‌లోని ఒక జంతు ప్రదర్శనశాలలో తీసింది. అడవిలో నిజమైన గుహలోకి కెమెరా దూరిస్తే తల్లికీ పిల్లలకీ ప్రమాదం కాబట్టి అలా తీయడం నాకు తప్పనిపించదు. ఆ మాట కార్యక్రమంలోనే చెప్పి ఉండాల్సింది, అంతే. దూరం నుంచి పెద్ద లెన్సులతో తీసిన దృశ్యాల్లో అడుగుల చప్పుడు, నమిలే చప్పుడు చాలావరకు స్టూడియోలో కలుపుతారు. ఒకే వేటలా కనిపించేది చాలాసార్లు వేర్వేరు రోజుల్లో తీసిన ముక్కల కూర్పు. ఇవి తెలిసి చూస్తే చూడటంలో ఆనందం తగ్గదు, ఎడిటర్ పనితనం కూడా కనిపిస్తుంది. 'ప్లానెట్ ఎర్త్' ఎపిసోడ్ల చివర, వాటిని ఎలా తీశారో చెప్పే పది నిమిషాలుంటాయి. మంచు చిరుత కోసం కొండల్లో వారాలకి వారాలు కాపు కాసినవాళ్ళని అందులో చూస్తావు. పేర్లు పడగానే ఆపేసే అలవాటు మానుకో, మన ప్రశ్నకి జవాబు ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

గొంతు ఎంత పని చేస్తుందో నీ చేతులతోనే పరీక్షించి చూడొచ్చు. 2005లో పెంగ్విన్ల మీద వచ్చిన ఫ్రెంచ్ డాక్యుమెంటరీ ఒకటుంది, ఇంగ్లీషులో దాని పేరు 'మార్చ్ ఆఫ్ ది పెంగ్విన్స్'. ఫ్రెంచ్‌లో పెంగ్విన్లే "నేను" అంటూ మాట్లాడతాయి, నటులు గొంతులిచ్చారు. అమెరికాలో మోర్గన్ ఫ్రీమన్ పక్కనుంచి కథ చెబుతాడు. పక్షులు అవే, మంచు అదే, చూసేవాడి మనసులో పడే ముద్ర వేరు. ఏదైనా డాక్యుమెంటరీలో ఓ ఐదు నిమిషాలు శబ్దం పూర్తిగా తీసేసి చూసి, మళ్ళీ శబ్దంతో చూడు. బొమ్మ ఎంత చెప్పిందో, గొంతూ సంగీతమూ కలిసి నీ చేత ఎంత నమ్మించాయో తేడా తెలుస్తుంది. జాన్ బర్జర్ అనే కళా విమర్శకుడు 1972లో 'వేస్ ఆఫ్ సీయింగ్' అనే నాలుగు భాగాల కార్యక్రమంలో ఈ పనే వర్ణచిత్రాలతో చేసి చూపించాడు. ఒకే చిత్రానికి సంగీతం మార్చి చూపిస్తాడు. వాన్ గో వేసిన పంటచేను చిత్రాన్ని ముందు ఊరికే చూపించి, చనిపోయే ముందు ఆయన వేసిన చివరి చిత్రం ఇదని చెప్పి మళ్ళీ చూపిస్తాడు. చిత్రంలో ఏమీ మారదు, నీ చూపు మారుతుంది. తను చెప్పేదాన్ని కూడా అనుమానించమని ప్రేక్షకులకి చెప్పిన మనిషి కాబట్టి ఆయనంటే నాకు గౌరవం. (ఆ చిత్రం నిజంగా చివరిది కాదని ఇప్పటి పరిశోధకులు అంటున్నారు. చూశావా, ఇక్కడా సంవత్సరం చూసుకోవాల్సే వచ్చింది.)

మనుషుల మీద తీసినవాటిలో నాకు అన్నిటికన్నా ప్రియమైనది 'అప్' సీరీస్. 1964లో బ్రిటన్‌లో వేర్వేరు కుటుంబాల ఏడేళ్ళ పిల్లల్ని ప్రశ్నలడుగుతూ 'సెవెన్ అప్' తీశారు. ఆ తర్వాత మైకేల్ ఆప్టెడ్ ప్రతి ఏడేళ్ళకీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి 2019లో '63 అప్' దాకా తీశాడు. 2021లో ఆయన పోయాడు. పద్నాలుగు మందిలో ఆడపిల్లలు నలుగురే ఉండటం తన పెద్ద లోపమని ఆయనే బాధపడ్డాడు. ఇంకో తప్పు కూడా ఒప్పుకున్నాడు. ఒక కుర్రాడికి 21 ఏళ్ళు వచ్చినప్పుడు, ఇతను ఎలాగూ జైలుకే పోతాడని అనుకుని, ముందుచూపుగా నేరాలు జరిగే వీధుల్లో అతన్ని తిప్పి షాట్లు తీసి పెట్టుకున్నాడు. ఆ కుర్రాడు టాక్సీ నడుపుకుంటూ పెళ్ళాం పిల్లలతో నిలకడగా బతికాడు. తీసేవాడి అంచనా తప్పని జీవితమే చూపించింది, ఆయన దాన్ని దాచలేదు. వీటిని వరసగా చూడు, మధ్యలో ఒక్కటి కూడా దాటెయ్యకు.

ఇంకా బోలెడున్నాయి. ఆకాశమంటే కార్ల్ సేగన్ 1980లో చేసిన 'కాస్మోస్'. ఒక కొత్త వస్తువు మరొకదానికి ఎలా దారితీసిందో తెలియాలంటే జేమ్స్ బర్క్ 1978లో చేసిన 'కనెక్షన్స్'. పాత ఫొటోల మీద కెమెరాని మెల్లగా నడిపి అమెరికా అంతర్యుద్ధ కథ చెప్పడం చూడాలంటే కెన్ బర్న్స్ 1990లో తీసిన 'ది సివిల్ వార్'. మనిషి తొలిసారి చంద్రుడి మీద దిగిన యాత్ర మీద, వ్యాఖ్యానం ఒక్క ముక్క లేకుండా నాటి ఫిల్మే మాట్లాడే 2019 నాటి 'అపోలో 11'.

వదిలెయ్యాల్సినవి గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. "శాస్త్రవేత్తలకే అంతుబట్టని రహస్యం" అని మొదలై, ప్రతి విరామం తర్వాతా చెప్పిందే మళ్ళీ చెప్పి, చివరికి ఏదీ తేల్చనివి. 2012లో ఒక ఛానల్ మత్స్యకన్యలు దొరికాయన్నట్టు ఒక కార్యక్రమం వేసింది. అందులో శాస్త్రవేత్తలుగా కనిపించినవాళ్ళు నటులు. జనం ఎంతగా నమ్మారంటే, అలాంటి జీవులున్నట్టు ఆధారం లేదని అమెరికా సముద్ర పరిశోధన సంస్థ ప్రకటన ఇవ్వాల్సొచ్చింది.

రోజుకి ఒక్క ఎపిసోడ్ చాలు. ఫోన్ ఇంకో గదిలో పెట్టు. చిన్న ముక్కలుగా కోసిన వీడియోలు కాకుండా పూర్తి ఎపిసోడ్ చూడు. మాట అందకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకో, అందులో నామోషీ ఏమీ లేదు. ఒక నోటుబుక్ పెట్టుకుని మూడు సంగతులు రాయి: ఎప్పుడు తీశారు, ఎవరు మాట్లాడారు, నేను సరిచూడాల్సిన మాట ఏది. ఆ మూడోదాన్ని మర్నాడు పుస్తకంలోనో లైబ్రరీలోనో వెతుకు. అన్నిటికీ అక్కర్లేదు, ఎపిసోడ్‌కి ఒక్కటి చాలు.

వచ్చే ఆదివారానికి 'వరల్డ్ ఎట్ వార్' మొదటి రెండు ఎపిసోడ్లు అయిపోవాలి. సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. ముందు నువ్వు చెప్పాలి, నీ మూడో గడిలో ఏం రాసుకున్నావో.

మీ తాతయ్య