సవర లెక్క పన్నెండుతో ఆగిపోయిందా?

సందేహం: మా బడి పిల్లల కోసం గిరిజన భాషల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. సవర భాషలో పదమూడును ‘పన్నెండు ఒకటి’ అంటారనీ, గోండీలో ఏడు దాటితే, కోలామీలో నాలుగు దాటితే సొంత అంకెలు లేవనీ చదివాను. కాబట్టి ‘సవర లెక్క పన్నెండుతో ఆగిపోయింది, గోండీ, కోలామీ లెక్కలు లేని భాషలు’ అని రాయవచ్చునా?
– ఒక ఉపాధ్యాయురాలు, తార్నాక, హైదరాబాదు

సమాధానం: రాయకూడదండి. మీరు చదివిన సమాచారం చాలావరకు సరైనదే కాని, దాని నుంచి తీసిన నిర్ణయం సరికాదు. పదమూడును పన్నెండుకు ఒకటి కలిపి చెప్పడం లెక్క ఆగిపోయిందనడానికి గుర్తు అయితే, అదే న్యాయం ప్రకారం తెలుగు లెక్క పది దగ్గరే ఆగిపోయిందని చెప్పవలసి వస్తుంది. పదకొండులో పది ఉన్నది. దాని పాత రూపమైన ‘పదునొకండు’లో ఆ కూడిక ఇంకా తేటగా కనిపిస్తుంది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు కూడా పది మీద కట్టిన మాటలే. ఇరవైలోని ‘ఇరు’, ముప్పైలోని ‘ము’ ఎన్ని పదులో చెబుతున్నాయి. నూరు, వేయి మన సొంత మాటలు. లక్ష, కోటి సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. కొద్దిపాటి మూలపదాలను పేర్చి ఎంత పెద్ద సంఖ్యనైనా చెప్పగలగడమే సంఖ్యావాచకాల వ్యవస్థకు ఉండవలసిన లక్షణం, అది సవరకు నిండుగా ఉన్నది.

సవర మన భాషా కుటుంబానికి చెందినది కాదు. అది ముండా అనే వేరొక కుటుంబపు భాష. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం ప్రాంతాలలోనూ, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోనూ వినిపిస్తుంది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మనం తలచుకునే గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఈ భాషను సవరల నుంచే నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకున్నారు. ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆయన జయంతి అయిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్న మనం ఆయన జీవితంలో ఎక్కువ భాగాన్ని తీసుకున్న సవర కృషిని ఒక్క వాక్యంతో దాటవేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. మీ వ్యాసంలో ఆ పని గురించి ఒక పేరా ఉంటే పిల్లలకు మేలు.

ఇక లెక్క సంగతి. సవరలో ఒకటి నుంచి పన్నెండు వరకు వేరువేరు మాటలున్నాయి: అబొయ్, బాగు, యాగి, ఉంజి, మొల్లొయ్, తుడ్రు, గుల్జి, తమ్జి, తింజి, గల్జి, గల్మూయ్, మిగ్గల్. పదమూడు మిగ్గల్‌బొయ్, అంటే పన్నెండూ ఒకటీ. ఈ వరుస పంతొమ్మిది వరకు సాగుతుంది. పంతొమ్మిది మిగ్గల్‌గుల్జి, పన్నెండూ ఏడూ. ఇరవై దగ్గర కొత్త కొలత మొదలవుతుంది. దానిని బొకొడి, అంటే ‘ఒక కొడి’ అంటారు. ఒడియాలోనూ హిందీలోనూ ఇరవైల కట్టకు వాడే మాటకు ఇది దగ్గరిదే. ఇరవై ఒకటి నుంచి ముప్పై ఒకటి వరకు ఒక కొడికి ఒకటి మొదలు పదకొండు వరకు కలుపుతారు. ముప్పై రెండు బొకొడి మిగ్గల్, అంటే ఇరవై మీద పన్నెండు. ముప్పై తొమ్మిదిని ఇరవై, పన్నెండు, ఏడు కలిపి చెబుతారు. నలభై వచ్చేసరికి రెండు కొడులు అవుతాయి. తొంభై తొమ్మిదిని ఈ పద్ధతిలో విడదీస్తే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒక ఏడు వస్తాయి. పన్నెండు, ఇరవై అనే రెండు మెట్లను కలిపి నడిపే ఈ అమరిక ప్రపంచ భాషలలో అరుదైనది కనుకనే భాషాశాస్త్రజ్ఞులు దీనిని ప్రత్యేకంగా చెప్పుకుంటారు. ఆగిపోయిన లెక్కకు ఇంత క్రమం ఉండదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. గల్జి, గల్మూయ్, మిగ్గల్ అనే మూడింటిలోనూ ‘గల్’ అన్న ముక్క కనిపిస్తుంది. సవరకు బంధువైన సంతాలీలో పదిని ‘గెల్’ అంటారు. ఈ పోలిక యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. అంటే పైకి పన్నెండు మీద నడిచే ఈ లెక్క అడుగున కూడా పది ఉన్నదన్నమాట.

పది మీద నడవని లెక్కను వెనుకబాటుగా చూసే అలవాటు మనకు నప్పదు. ఫ్రెంచివారు నేటికీ తొంభై తొమ్మిదిని నాలుగు ఇరవైలు, పది, తొమ్మిది అనే చెబుతారు. అంత దూరం కూడా వెళ్ళనక్కరలేదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేవరకు మన రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 పైలు. ఈ హైదరాబాదులో నిజాం నాణెమైన హాలీ సిక్కా చెల్లిన కాలంలోనూ రూపాయికి పదహారణాలే. అర, పావు, వీసం అంటూ సగంలో సగం చేసుకుంటూ పోయే భిన్నాలతో మన కరణాలు భూమి శిస్తులు తేల్చారు. నిండుతనాన్ని చెప్పడానికి ‘పదహారణాల తెలుగు’ అని ఇప్పటికీ అంటున్నాం.

గోండీ, కోలామీల విషయం వేరు. ఈ రెండూ తెలుగులాగే ద్రావిడ భాషలు. గోండీలో ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్, సారుంగ్, ఏడుంగ్ అని ఏడు వరకు సొంత మాటలున్నాయి. ఉచ్చారణ ప్రాంతాన్ని బట్టి కొంత మారుతుంది. ఆపైన చాలాచోట్ల చుట్టుపక్కల పెద్ద భాషల మాటలు వాడతారు. కోలామీలో ఐదు నుంచి తెలుగు మాటలే చేరాయి. సంతలో సరుకు ధర, షావుకారు దగ్గర అప్పు, సర్కారు శిస్తు, తరువాత బడి, ఇవన్నీ పొరుగు భాషలో జరిగినప్పుడు పెద్ద సంఖ్యలు ఆ భాషలోనివే నోట నిలుస్తాయి. అది అరువు తెచ్చుకోవడం అవుతుంది కాని లెక్క తెలియకపోవడం కాదు. ద్రావిడ భాషలే అయిన కురుఖ్‌లో నాలుగు తరువాత, బ్రాహుయీలో మూడు తరువాత కూడా ఇదే జరిగింది.

మిగిలిన ఆ కొద్ది మాటలు మనకు చెప్పేది ఎంతో ఉన్నది. గోండీ సైయుంగ్, సారుంగ్‌ల మొదట ఉన్న ‘స’ చూడండి. ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన మూలద్రావిడంలో ఐదుకు, ఆరుకు మొదట చకారం ఉండేదని పండితుల నిర్ణయం. తెలుగు ఆ హల్లును పూర్తిగా పోగొట్టుకొని ‘ఐదు’, ‘ఆరు’ అన్నది, గోండీ దాని గుర్తును నిలుపుకొన్నది. కోలామీలో ఇద్దరు మగవారు ‘ఇద్దర్’, ఇద్దరు ఆడవారు ‘ఈరల్’, రెండు వస్తువులు ‘ఇందింగ్’. అలాగే ముగ్గుర్, మూయల్, మూందింగ్. తెలుగులో ‘ఇద్దరు’ అంటే మగవారో ఆడవారో తెలియదు. మరొక మాట చేర్చి చెప్పాలి. కోలామీ ఆ తేడాను సంఖ్యావాచకంలోనే చూపగలదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, మీ పిల్లలకు ఆ భాష మీద గౌరవం కలగడానికి.

మీ వాక్యంలో ‘అంకె’ అన్న మాటను కూడా సరిచేయండి. అంకె రాత గుర్తు. నోటితో పలికే ‘మూడు’, ‘యాగి’ వంటివి సంఖ్యావాచకాలు. నిజానికి 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సోంపెంగ్ లిపి వల్ల సవరకు సొంత అంకెలు కూడా ఉన్నాయి. కనుక ‘సవరలో పన్నెండు వరకు వేరువేరు సంఖ్యావాచకాలున్నాయి, ఆపైన పన్నెండును, ఇరవైని ఆధారం చేసుకొని లెక్కిస్తారు. గోండీ, కోలామీ భాషీయులు చిన్న సంఖ్యలకు తమ మాటలు, పెద్ద సంఖ్యలకు పొరుగు భాషల మాటలు వాడతారు’ అని రాయండి. సవర మాటలను తెలుగు లిపిలో రాసేటప్పుడు మొల్లొయ్, మొన్లొయ్ వంటి భేదాలు మీకు ఎదురవుతాయి. అవి ఉచ్చారణ భేదాలే కాబట్టి ఒక రూపాన్ని ఎంచుకొని వ్యాసమంతటా దానినే వాడితే సరిపోతుంది.