నీళ్లెటు పోయాయో రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. నీటితో, నీటి గురించి పనిచేసే కళాకారుల గురించి తెలుగులో రాసేవాళ్లు తక్కువ, కాబట్టి ఈ పని వదిలిపెట్టకు. కానీ మొదటి పేరా మొత్తం కొట్టెయ్. "నీరే ప్రాణాధారం", "రేపటి యుద్ధాలు నీటి కోసమే" లాంటివి ఊళ్లో వాటర్ ట్యాంకుల మీద రాసే ఉంటాయి. చదివేవాడు వాటిని అక్కడే చదివేసి వస్తాడు.

తర్వాత ఏడెనిమిది మంది కళాకారుల పేర్లు వరసగా పేర్చావు. అందరి గురించీ ఒకటే ముక్క: నీటి సంరక్షణపై అవగాహన కల్పించారు. కలిగిందో లేదో నీకెలా తెలుసు? చూసి చెప్పగలిగిన సంగతులు వేరే ఉన్నాయి. ఆ నీళ్లు ఎక్కడివి, కళాకారుడి చేతిలో వాటికేమైంది, చివరికి ఎటు పోయాయి. ఇవి అడుగు చాలు. ఏది గట్టి పనో, ఏది ఫొటో కోసం చేసిందో దానంతట అదే తేలిపోతుంది.

జర్మన్ కళాకారుడు హాన్స్ హాకేకి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చి సరిపెట్టావు. 1972లో జర్మనీలోని క్రేఫెల్డ్ మ్యూజియంలో ఆయన ఏం చేశాడో వివరంగా చెప్పు. ఆ ఊరి మురుగు రైన్ నదిలోకి పోయేది. ఆయన ఆ మురికి నీళ్లను పెద్ద సీసాల్లో మ్యూజియం లోపలికి తెప్పించాడు. రసాయనాలు కలిపి మడ్డి అడుక్కి దిగనిచ్చాడు. బొగ్గు, ఇసుకల్లోంచి వడగట్టి ఒక పెద్ద తొట్టిలోకి వదిలాడు. తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లు ఈదుతున్నాయి, అంటే నీళ్లు బాగుపడ్డట్టే. నిండి పొర్లిన నీళ్లు పైపు గుండా వెనక తోటలోకి పోయి భూమిలో ఇంకాయి. మ్యూజియం నడిపేది నగరపాలక సంస్థే, మురుగు వదిలేదీ ఆ ఊరే. ఈ సంగతి రాశాక "వ్యవస్థను ప్రశ్నించాడు" అని నువ్వు మళ్లీ చెప్పక్కర్లేదు.

చైనాలోని చెంగ్డూ గురించి రాసిన చోట నీ వ్యాసం కాస్త ఊపిరి పీల్చుకుంది. 1995లో అక్కడ అమెరికన్ ఆర్టిస్టు బెట్సీ డామన్ స్థానిక కళాకారులను కూడగట్టి నది ఒడ్డున ప్రదర్శనలు చేయించింది. వాటిలో యిన్ షియుజెన్ చేసిన పని నాకు చాలా ఇష్టం. నదిలోని మురికినీటినే గడ్డకట్టించి, ఆ మంచు దిమ్మెలను ఒడ్డున పేర్పించి, బ్రష్షులూ మంచినీళ్లూ ఇచ్చి దారిన పోయేవాళ్లను కడగమంది. జనం అంట్లు తోమినట్టు తోమారు. మంచు కరిగిపోయింది. లోపలే గడ్డకట్టిన మురికి పైన తోమితే పోతుందా? ఇంత ఉంటే నువ్వు "హృదయాలను కదిలించింది" అని ఒక్క మాటతో దాటేశావు!

మూడేళ్ల తర్వాత, 1998లో, అదే ఊళ్లో డామన్ ఆలోచనతో ఒక పార్కు వెలిసింది. నది నీళ్లు అందులోకి ఎక్కి, ఒక చెరువులో తేటపడి, రాతి తొట్ల మీదుగా దూకి, నీటి మొక్కలున్న మడుగులు దాటి శుభ్రపడతాయి. పిల్లలు ఆ నీళ్లలో ఆడుకుంటారు. అయితే అక్కడ శుభ్రపడేది నది మొత్తంలో చాలా కొంచెం, నది బాగుపడేంత కాదు. ఇది కూడా రాయి. రాయకపోతే అది వ్యాసం కాదు, బ్రోచర్ అవుతుంది.

పారిస్‌లో 2015లో ఓలఫుర్ ఎలియాసన్ గ్రీన్‌ల్యాండ్ మంచు గడ్డలు తెచ్చి నడివీధిలో పెట్టిన సంగతికి పేజీన్నర ఇచ్చావు. అందరూ రాసేశారు, తగ్గించు. బదులుగా బస్తర్ వెళ్లు. కొండగావ్ ప్రాంతంలో నవజోత్ అల్తాఫ్ అనే కళాకారిణి అక్కడి ఆదివాసీ కళాకారులతో కలిసి చేతిపంపుల దగ్గర పనిచేసింది. పంపు చుట్టూ గచ్చు చేసి, నీళ్లు నిలవకుండా దారి తీసి, బిందె నెత్తికెత్తుకునే ముందు ఆనించుకోవడానికి గోడలో గూళ్లు కట్టారు. ఆ గోడల మీదే వాళ్ల శిల్పం. నీళ్లు మోసే ఆడవాళ్ల నడుము గురించి ఆలోచించిన కళ మన దగ్గర ఇంకెక్కడుందో నువ్వే చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఉండేది తిరుపతిలో. గంట ప్రయాణం చేస్తే శ్రీకాళహస్తి. నీ వ్యాసంలో కలంకారీ ఊసే లేదు! నీటినే కళగా చూపించేవాళ్లను చూశావు కానీ, నీళ్లు లేకపోతే బొమ్మే పడనివాళ్లను వదిలేశావు. గాడా అనే ముతక నూలు బట్టను కరక్కాయ, గేదె పాలలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. బెల్లం, తుప్పు ఇనుము రోజుల తరబడి ఊరబెట్టిన కసిం అనే ద్రవంతో నల్ల గీత గీస్తారు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. ఆ తర్వాత బట్టను పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లయితే విడిపోయిన పటిక బట్టలో ఇంకోచోట అంటుకుంటుంది. ఎర్రరంగునిచ్చే మొక్కల వేళ్లు, చెక్కలు వేసి ఉడికించినప్పుడు అక్కర్లేని చోట ఎర్రమరక తేలుతుంది. అందుకే ఈ పని స్వర్ణముఖి ఒడ్డున నిలదొక్కుకుంది. ఉతికి, ఆ ఇసుక మీదే ఎండలో పరిచేవారు.

ఆ స్వర్ణముఖి ఏడాదిలో చాలాకాలం ఇసుకే. 2021 నవంబరులో వరదగా విరుచుకుపడిందీ ఆ నదే. మరి నది ఎండిన నెలల్లో బట్ట ఎక్కడ జాడిస్తున్నారు? బోరు నీళ్లా, తొట్లా? రంగులో తేడా వస్తోందా? ఉతికిన నీళ్లు ఎటు వదులుతున్నారు? కృష్ణా జిల్లా పెడన వెళ్తే అచ్చుల కలంకారీకి కూడా ఇవే ప్రశ్నలు వెయ్యి, ముఖ్యంగా రసాయన రంగులు వాడే చోట ఆఖరి ప్రశ్న. కళాకారులు కదా అని మొహమాటపడకు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుణ్ణి చేసేవాడూ కళాకారుడే, చెరువుకి ఏం జరుగుతోందో మనకు తెలుసు.

వెళ్లేటప్పుడు ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి వెళ్లు. యజమానితో పాటు ఉతికేవాళ్లతోనూ మాట్లాడు. నదిలో ఇసుక ఎంత పోయింది, ఏ నెలలో ఊట తగ్గింది అన్నది వాళ్ల చేతులకి బాగా తెలుసు. పేరు వాడాలంటే అడిగి వాడు. వాళ్లు చెప్పింది వాళ్ల యాసలోనే ఉంచు, పుస్తకాల భాషలోకి దిద్దకు. టీ తాగించారని పొగిడి రాయాల్సిన పనీ లేదు.

వ్యాసం పెద్దదైపోతుందన్న టెన్షన్ వద్దు. క్రేఫెల్డ్, చెంగ్డూ, బస్తర్ ఉంచి మిగతా పేర్లు తీసేస్తే కాళహస్తికి కావలసినంత చోటు దొరుకుతుంది. తిరగరాసింది పత్రికకు పంపే ముందు నాకొకసారి పంపు. ఫొటోలు మాత్రం ఒకటి రెండు చాలు, నా ఫోన్‌లో జాగా లేదు.

ఉంటాను,
అన్నయ్య