డాక్టర్ సలహా: ఊరికొస్తే తగ్గిపోయే కడుపుమంట

ప్రశ్న: నా వయసు 32. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఆరేళ్లుగా టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిగా కడుపులో మంట. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఎండోస్కోపీ, థైరాయిడ్ నార్మల్. బీపీ ఒకసారి 138/88 వచ్చింది. వీకెండ్‌లో రెండు పెగ్గులు తీసుకునేవాణ్ణి, ఇప్పుడు మామూలు రోజుల్లోనూ అలవాటైంది. ఆఫీసులో నన్నెవరూ తిట్టరు. కానీ పలకడం కష్టమని, నన్నడక్కుండానే నా పేరును ‘సామ్’ చేశారు. గోంగూర పప్పు వేడి చేసుకుంటుంటే ఒకామె ఏమీ అనకుండా లేచి తలుపు తెరిచింది. మీటింగ్‌లో నా మాట ఎవరికీ వినపడదు, అదే మాట పక్కవాడంటే శభాష్ అంటారు. ‘నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అంటుంది నా భార్య. ఊరికొచ్చి మూడు వారాలు, మంటే లేదు. ప్రయాణం దగ్గరపడేసరికి మళ్లీ మొదలైంది. ఇదంతా నా భ్రమేనా? – సామ్

జవాబు: మీరు రాసినవాటిలో ఎండోస్కోపీ రిపోర్టు కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ‘ఊరికొస్తే మంటే లేదు’ అన్న మాట. ఇంట్లో ఆవకాయ, మిరపకాయ బజ్జీ మీరు వదిలిపెట్టి ఉండరు. అయినా మంట లేదు. పుండైతే ఊరు చూసి మానదు కదా!

పరీక్షల్లో ఏమీ కనపడనంత మాత్రాన మంట అబద్ధం కాదు. దీన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటాం. మెదడుకూ కడుపుకూ మధ్య నరాల ద్వారా కబుర్లు నడుస్తూనే ఉంటాయి. టెన్షన్ ఎక్కువైతే కడుపులో మామూలు కదలిక కూడా మంటగా, ఉబ్బరంగా తెలుస్తుంది. హెచ్ పైలోరీ (కడుపులో పుండ్లకు కారణమయ్యే బ్యాక్టీరియా) పరీక్ష చేయించకపోతే అదొక్కటి చేయించండి. బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక భ్రమ సంగతి. ఆమె తలుపు ఎందుకు తెరిచిందో నాకు తెలియదు. మీకూ తెలియదు. మిమ్మల్ని తినేస్తున్నది అదే. ముఖం మీద తిడితే కోపమొస్తుంది, నలుగురికీ చెప్పుకుంటాం, కొంత దిగుతుంది. ఇక్కడ అసలది అవమానమో కాదో తేల్చుకోవడమే పెద్ద పని, ఆ పనిని మీ మెదడు రాత్రి మూడింటికి పెట్టుకుంటోంది. హార్వర్డ్‌లో పనిచేసిన నల్లజాతి సైకియాట్రిస్ట్ చెస్టర్ పియర్స్ 1970లోనే ఇలాంటివాటికి ‘మైక్రోఅగ్రెషన్’ అని పేరు పెట్టారు. 1997లో డేవిడ్ విలియమ్స్, ఆయన సహచరులు రోజువారీ వివక్షను కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మీకు మర్యాద తక్కువ ఇస్తారా, హోటల్లో సరిగా పట్టించుకోరా, తెలివి తక్కువవాడిలా చూస్తారా అనే ప్రశ్నలవి. ఎంత పెద్ద అవమానమని కాదు, ఎన్నిసార్లని అడుగుతుంది. ఇవి తరచుగా ఎదురయ్యేవాళ్లలో నిద్రలేమి, డిప్రెషన్ ఎక్కువని ఆ తర్వాత చాలా అధ్యయనాల్లో తేలింది.

నేను పాలమూరువాణ్ణి. సాగర్ డ్యామ్ పనికి పోయిన మా తాతను మేస్త్రీ ఏనాడూ పేరుతో పిలవలేదట, ‘ఏయ్ పాలమూరూ’ అనేవాడట. ఇది చెప్పుకుని నేనేదో గొప్పవాణ్ణని అనుకోకండి. రైస్‌మిల్లులో బస్తాలు మోసే కుర్రాడొకడు ఇదే కడుపుమంటతో మా క్లినిక్‌కు వచ్చేవాడు. మూడోసారి వచ్చినప్పుడు చీటీ చూశాను. పేరు రాయాల్సిన చోట మా కాంపౌండర్ ‘బీహారీ, 26’ అని రాశాడు. మొదటి రెండుసార్లూ ఆ చీటీ మీదే నేను మందులు రాసిచ్చాను.

మీరు కూడా ఉత్తరం కింద ‘సామ్’ అనే రాశారు. అసలు పేరేమిటో నాకూ తెలియలేదు. వెళ్లాక మొదట ఆ పేరు సంగతి చూడండి. గొడవేం అక్కర్లేదు, ‘నా పేరు ఇది, రెండుసార్లు పలికితే వచ్చేస్తుంది’ అని నవ్వుతూనే చెప్పొచ్చు. ప్రతిదానికీ ఎదురు తిరగమని మాత్రం అనను. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో దారి చూసుకోవాలి. ఆ భయంతోనే చాలామంది మింగేస్తారు. మింగినా సరే, ఆ రోజే తేదీ వేసి, ఎవరేమన్నారో, పక్కన ఎవరున్నారో రాసిపెట్టండి. కాగితం మీదికెక్కితే రాత్రి తలలో తిరగడం కొంత తగ్గుతుంది. ప్రమోషన్‌లోనో జీతంలోనో తేడా చూపిస్తే ఆ కాగితమే పనికొస్తుంది. పుట్టిన దేశాన్ని బట్టి ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని అక్కడి 1964 పౌరహక్కుల చట్టం నిషేధించింది. వీసా మీద ఉన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. ఉద్యోగాల్లో వివక్ష మీద ఫిర్యాదులు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేయడానికి గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300.

మీ భార్యకు ఈ జవాబు చూపించండి. ‘ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అంటే మీకు ఇంట్లో కూడా సాక్ష్యం చూపించాల్సిన పని పడుతోంది. బహుశా ఆమె కూడా అక్కడ ఇలాంటివి మింగుతూ ఉండొచ్చు, ఒకసారి అడగండి.

పెగ్గులు మానేయండి. మందు తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ తెల్లవారుజామున లేపేస్తుంది. కడుపుమంటనూ పెంచుతుంది. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలైనా ఉండాలి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోతే సైకియాట్రిస్ట్‌ను కలవాలి. ఇక్కడున్నన్ని రోజులూ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. చనిపోవాలన్న ఆలోచన వస్తే అక్కడ 988కి వెంటనే ఫోన్ చేయండి.

బీపీ ఒక్కసారి చూసి తేల్చలేం. మిషన్ కొనుక్కుని వారం పాటు పొద్దునా సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి రాయండి. సగటు 135/85 దాటితే ఆ కాగితంతో ఫిజీషియన్‌ను కలవండి. ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక ఇంకో వారం అలాగే చూసి, రెండూ పక్కపక్కన పెట్టి నాకు పంపండి.