పచ్చతీగ విప్పగానే ట్రిప్ ఆగింది. ఇక ఫర్వాలేదా?

ప్రశ్న: మా ఈతకొలను పంపుకి 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు ఉంది. ఆన్ చేసిన పది నిమిషాలకి ఆర్‌సీసీబీ (కరెంటు కారితే సప్లై తెంచే స్విచ్చి) పడిపోయేది. వచ్చిన ఎలక్ట్రీషియన్ మోటారు దగ్గర పచ్చతీగ (ఎర్త్ తీగ) విప్పి, కొసకి టేపు చుట్టి వెళ్లాడు. అప్పటి నుంచి ట్రిప్ అవడం లేదు. కానీ నీళ్లలో ఉండి స్టీలు నిచ్చెన పట్టుకుంటే వేళ్లు చిమచిమలాడుతున్నాయి. నా భ్రమే అంటున్నారు ఇంట్లో. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మెయిన్ ఆపండి. ఎవరూ పొరపాటున వెయ్యకుండా స్విచ్చి మీద కాగితం అంటించండి. కొలనులోకి ఎవర్నీ దిగనివ్వకండి. మిగతాది ఆ తర్వాత చదువుకోవచ్చు.

అది భ్రమ కాదండీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్లో అంతా తిరిగొచ్చిందా లేదా అని లెక్క చూసుకోవడమే ఆర్‌సీసీబీ పని. మీ మోటారులో కొంత కరెంటు బాడీకి కారుతోంది. పచ్చతీగ ఉన్నన్నాళ్లూ అది దాంట్లోంచి భూమిలోకి పోయేది, లెక్క తప్పేది, ఆర్‌సీసీబీ పడేది. తీగ విప్పాక కారడం ఆగలేదు, పోయే దారి మూసుకుపోయిందంతే. ఇప్పుడు మోటారు బాడీ కరెంటుతో కూర్చుని ఉంది. కారిన నీళ్లు, తడి గచ్చు, నిచ్చెన, మీ చెయ్యి, ఏది దొరికితే దాంట్లోంచి పోతుంది.

‘మరి అప్పుడైనా ఆర్‌సీసీబీ పడాలి కదా’ అంటారేమో. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటుంది. 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు, 15 లోపు అయితే పడాల్సిన పని లేదు. మనిషికి 1 మిల్లీ ఆంపియర్ దగ్గర చిమచిమ తెలుస్తుంది. 10 దగ్గరికొచ్చేసరికి పట్టుకున్న చెయ్యి మన మాట వినదు. నేల మీదైతే కిందపడి విడిపించుకుంటాడేమో, నీళ్లలో మునిగిపోతాడు. ఆర్‌సీసీబీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దనేది ఇందుకే.

పది నిమిషాల తర్వాతే పడేదన్నారు చూడండి, జబ్బు ఆచూకీ అందులోనే ఉంది. వెయ్యగానే పడితే వైండింగో (మోటారు లోపలి తీగచుట్ల) కేబులో పూర్తిగా బాడీకి తగిలిందనుకుంటాను. వాన పడ్డప్పుడే పడితే మోటారు మీద తీగలు కలిపే టెర్మినల్ బాక్సులో నీళ్లు. కాసేపు తిరిగాక పడితే మాత్రం నా అనుమానం మొదట మెకానికల్ సీల్ మీదికే పోతుంది. పంపుకీ మోటారుకీ మధ్య షాఫ్ట్ చుట్టూ ఉండే చిన్న సీల్ అది. అరిగితే నీళ్లు షాఫ్ట్ వెంట ముందు బేరింగులోకి, అక్కణ్ణుంచి వైండింగులోకి పాకుతాయి. మెయిన్ ఆపాక పంపుకీ మోటారుకీ మధ్యనున్న సందులో టార్చి వేసి చూడండి. తెల్లటి ఉప్పు పొక్కులు, కింద తుప్పు చార కనిపిస్తే దొరికినట్టే. పంపు నీళ్లు లేకుండా తిరిగినా సీల్ కాలిపోతుంది, ఈ మధ్య ఎప్పుడైనా అలా జరిగిందేమో గుర్తు చేసుకోండి.

కొలను దగ్గర కనెక్షన్లు మీరు చెయ్యకండి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పోయినసారి వచ్చినాయన్ని కాదు. కొత్తాయన తీగలు విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగుకీ బాడీకీ మధ్య చూడాలి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించి, తిరిగి వేడెక్కాక పడిపోయే మోటార్లున్నాయి, కాబట్టి రెండుసార్లూ చూడమనండి. టెర్మినల్ బాక్సు ముట్టుకునే ముందు కెపాసిటర్ని ఖాళీ చెయ్యాలి. మెయిన్ ఆపినా అందులో కరెంటు నిలవుంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించే వీరులు ఇంకా ఉన్నారు. ఫిలమెంటు బల్బు హోల్డరు తీగలు దానికి ఆనిస్తే సరిపోతుంది.

పచ్చతీగ తిరిగి బిగించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది, నేనే చేశాను. పనిలో చేరిన కొత్తలో ఒక పంపుకి ఎర్త్ స్క్రూ బ్రహ్మాండంగా బిగించి వచ్చాను. మర్నాడు మా మేస్త్రీ మీటరు పెడితే ముల్లు కదల్లేదు. మోటారుకి వేసిన నీలం రంగు మీదే రింగు కూర్చోబెట్టి బిగించాను, రంగు కింద ఇనుముకి రాగి తగల్లేదు. మేస్త్రీ ఏమీ అనలేదు, ఉప్పుకాగితం ముక్క చేతిలో పెట్టాడు. రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించాలి. ఎర్త్ దొరకలేదని పచ్చతీగని న్యూట్రల్‌కి కలిపే పని మాత్రం వద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, మోటారు బాడీకి పూర్తి 230 వోల్టులూ వచ్చేస్తాయి.

ఇక బాండింగ్. దీన్నీ ఎర్త్‌నీ ఒకటే అనుకుంటారు. ఎర్త్ ఉన్నది బాడీకి కారిన కరెంటుని భూమిలోకి పంపడానికి. నిచ్చెన, చేతికమ్మీ, పంపు బాడీ, లైటు గూడు, కాంక్రీటులోని చువ్వలు, వీటన్నిటినీ రాగితీగతో ఒకదానికొకటి కలపడం బాండింగ్. అప్పుడు చేతికి తగిలే ఇనుముకీ చుట్టూ ఉన్న నీళ్లకీ మధ్య వోల్టేజీ తేడా ఉండదు, తేడా లేకపోతే ఒంట్లోంచి కరెంటు పోదు. అమెరికా వైరింగ్ కోడ్ 680వ అధికరణం దీనికి 8 గేజ్ గట్టి రాగితీగ, అంటే సుమారు 8 చదరపు మిల్లీమీటర్లది, వాడమంటుంది. మీ నిచ్చెనకి ఆ తీగ లేదనో, తుప్పుపట్టి తెగిందనో నా అనుమానం. మోటారు తీగలు పూర్తిగా విప్పేశాక కూడా నిచ్చెనకీ నీళ్లకీ మధ్య మీటరు వోల్టేజీ చూపిస్తే తప్పు మోటారుది ఒక్కదానిదే కాదు, లైటునీ సప్లై న్యూట్రల్‌నీ వెతకాలి. చూడాల్సింది మీటరుతో, నీళ్లలో చెయ్యి పెట్టి కాదు.

ప్రశ్న: బోర్డు నుంచి పంపు 40 మీటర్ల దూరం. మోటారు 7 ఆంపియర్లే తీసుకుంటుంది కదా, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ సరిపోదా?

జవాబు: తిరిగేటప్పుడు సరిపోతుంది, మొదలయ్యేటప్పుడే తంటా. పోనూ రానూ 80 మీటర్ల తీగ, నిరోధం దాదాపు 1 ఓమ్. 7 ఆంపియర్లకి పోయేది 7 వోల్టులే. స్టార్టింగులో అయిదు రెట్లు, 35 ఆంపియర్లు లాగిందనుకోండి, దాదాపు 34 వోల్టులు దారిలోనే పోతాయి. సప్లై అసలే తక్కువున్న రోజున మోటారు మూలుగుతూ నిలబడుతుంది, వైండింగు వేడెక్కుతుంది. 2.5 వేస్తే ఆ నష్టం 21 వోల్టులకి దిగుతుంది. నేనైతే 2.5 మూడు కోర్ల కేబులే వేస్తాను. ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపి తెంచే డబుల్ పోల్ స్విచ్చి, పంపు దగ్గర నిలబడితే కనిపించే చోట పెట్టించండి. కేబులు టెర్మినల్ బాక్సులోకి కింది నుంచే ఎక్కాలి, కేబులు దూరే చోట బిగించే గ్లాండ్ బిగుతుగా ఉండాలి. పైనుంచి దింపితే వాననీళ్లు తీగ పట్టుకుని నేరుగా లోపలికి పోతాయి.

ప్రశ్న: పంపు గదిలో క్లోరిన్ డబ్బాలు పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ ఆవిరికి టెర్మినళ్ల రాగి పచ్చబడుతుంది, స్క్రూలు తుప్పుపట్టి వదులవుతాయి. వదులైన చోట వేడి పుట్టి తీగ తొడుగు మాడుతుంది. డబ్బాలు బయటికి మార్చి, మెయిన్ ఆపించి, ఒకసారి టెర్మినల్ బాక్సు మూత తీయించి చూడండి.