సంచుల సంగతి తర్వాత, ముందు గ్యాస్ చూడు

చిరంజీవి అబ్బాయికి, చిన్నాయన ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. తిరుపతి, రేణిగుంట, పుత్తూరు, చిత్తూరు అన్నీ కలిపి ఏడు సూపర్‌మార్కెట్ అంగళ్లయ్యాయి, ఇక పర్యావరణానికి మా వంతు ఏదైనా చేయాలి, పర్యావరణ దినోత్సవం జూన్ 5న గుడ్డసంచులు పంచి మొదలుపెడతాం, ఏమంటావు అని అడిగావు. చెయ్యి, వద్దనను. ఫోటోలు బాగా వస్తాయి. అయితే నీ అంగళ్ల వల్ల జరిగే నష్టంలో సంచుల వాటా చిన్నది. పెద్ద వాటా కస్టమరు కంటపడని చోట్ల ఉంది. మిషన్ రూములో, కరెంటు మీటరులో, వెనక తలుపు దగ్గర చెత్త డబ్బాల్లో. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో కోల్డ్ రూములు చూసుకుంటూ బతికినవాణ్ని కాబట్టి ఎక్కడికెళ్లినా నా కళ్లు ముందు పైపుల మీదికే పోతాయి. అలవాటు అనుకో. కానీ లెక్క కూడా అటే చూపిస్తుంది.

ముందు చల్లదనం కోసం మిషన్లలో తిరిగే గ్యాస్ గురించి చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు. పాలు, పెరుగు పెట్టే చిల్లర్లు, ఐస్‌క్రీము ఫ్రీజర్లు, కోల్డ్ రూము, వీటిలో పెద్దవి చాలావరకు ఆర్-404ఏ అనే గ్యాస్ మీద నడుస్తాయి. పాత ఏసీలైతే ఆర్-22. ఆర్-404ఏ ఒక కిలో గాల్లో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో సుమారు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత చేటు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారవడానికి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఆ లెక్కన పది కిలోల గ్యాస్ లీకయిందంటే 56,000 యూనిట్ల కరెంటు కాల్చినట్టే. దానికి సరిపడా ఎన్ని గుడ్డసంచులు పంచాలో నువ్వే లెక్కేసుకో.

అమెరికాలో సగటు సూపర్‌మార్కెట్ తన మిషన్లలో ఉన్న గ్యాస్‌లో ఏటా నాలుగో వంతు గాలికి వదిలేస్తోందని ఆ దేశపు పర్యావరణ రక్షణ సంస్థ చెప్పింది. మన దగ్గర ఇంతకన్నా బాగుంటుందని నేననుకోను. మెకానిక్ వస్తాడు, "కూలింగ్ తగ్గింది సార్, గ్యాస్ పట్టాలి" అంటాడు. మేనేజరు సంతకం పెడతాడు. ఖర్చు మెయింటెనెన్స్ కింద పోతుంది. ఉన్న గ్యాస్ ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు నాయనా. మూసిన పైపుల్లోనే తిరుగుతుంది, లీకు లేకపోతే ఏళ్ల తరబడి అంతే ఉండాలి. ఒకే మిషన్‌కి రెండోసారి గ్యాస్ పట్టారంటే మొదటిసారి లీకు మూయకుండా వెళ్లిపోయారని అర్థం.

కాబట్టి ప్రతి అంగట్లో ఒక నోటుపుస్తకం పెట్టించు. ఏ తేదీన, ఏ మిషన్‌కి, ఎన్ని కిలోలు పట్టారు, లీకు ఎక్కడ దొరికింది, ఎట్లా మూశారు. ఈ ఆఖరి రెండూ రాయకపోతే బిల్లు పాస్ చేయవద్దని అకౌంట్స్ వాళ్లకి చెప్పు. మొదట్లో మెకానిక్కులు గొణుగుతారు. పట్టించుకోవద్దు.

లీకు కనుక్కోవడం నువ్వు కూడా నేర్చుకో, కష్టమేం కాదు. టార్చి పట్టుకుని కండెన్సర్ దగ్గర, అంటే మిషన్ వేడిని బయటికి వదిలే భాగం దగ్గర, పైపు జాయింట్లన్నీ ఒకసారి చూడు. ఇత్తడి నట్టు చుట్టూ జిడ్డు పట్టి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుందా, అక్కడ అనుమానించాలి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా సన్నగా చెమరుస్తుంది, ఆ జిడ్డు అదే. గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లు చిక్కగా నురగొచ్చేట్టు కలిపి బ్రష్‌తో పూయి. తొందరపడకుండా కాసేపు చూస్తూ ఉండు. లీకు ఉంటే ఒకే చోట బుడగ లేస్తుంది, పగిలి మళ్లీ అక్కడే లేస్తుంది. మరీ సన్న లీకులకి ఎలక్ట్రానిక్ డిటెక్టర్ కావాలి. అది ఏడు అంగళ్లకీ కలిపి ఒకటి కొంటే చాలు. ఇంకొకటి, పాత మిషన్ తీసేటప్పుడు వాల్వు తిప్పి గ్యాస్ మొత్తం గాలికి వదిలేసే అలవాటు మనవాళ్లకి ఉంది. రికవరీ మిషన్‌తో సిలిండర్‌లోకి లాగి పట్టుకోవాలని పని ఒప్పుకునేటప్పుడే కాగితం మీద రాయించుకో.

కొత్తవి కొనేటప్పుడు గ్యాస్ పేరు అడగకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. ఇలాంటి గ్యాసులు తగ్గించడానికి 2016లో ఆఫ్రికాలోని కిగాలిలో దేశాల మధ్య కుదిరిన ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం 404ఏ లాంటి గ్యాసుల వాడకం 2028 నుంచి పెరగకూడదు, 2032లో పది శాతం తగ్గాలి, 2047 నాటికి 85 శాతం తగ్గాలి. ఆర్-22 అయితే 2030 నాటికే దాదాపు ఆగిపోవాలి. నువ్వు ఇప్పుడు కొనే మిషన్ పదిహేనేళ్లయినా ఉంటుంది. దొరకడం తగ్గేకొద్దీ గ్యాస్ రేటు ఎటు పోతుందో వ్యాపారం చేసేవాడివి, నీకు నేను చెప్పేదేముంది. చిన్న ఫ్రీజర్లకి ఆర్-290 చూడు, అంటే శుభ్రం చేసిన ప్రొపేన్. వాతావరణానికి దాని చేటు లెక్కలోకి రానంత తక్కువ. ఐస్‌క్రీము కంపెనీలు ఇచ్చే కొత్త ఫ్రీజర్ల వెనక స్టిక్కర్ చదివితే చాలాసార్లు అదే కనిపిస్తుంది. మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి దాన్ని తెలిసినవాడే ముట్టుకోవాలి, వెల్డింగు షాపు కుర్రాణ్ని పిలవవద్దు.

ఇక కరెంటు. సూపర్‌మార్కెట్ బిల్లులో సగం దాకా చల్లదనానికే పోతుంది. తలుపుల్లేని చిల్లర్ అంటే మే నెలలో కిటికీలన్నీ తీసి ఏసీ వేసుకున్నట్టే. తలుపులు పెడితే చెయ్యి పెట్టి తీసుకోరు, అమ్మకం తగ్గుతుందని నీ భయం. పాలూ పెరుగూ కావాల్సినవాళ్లు తలుపు ఉందని తిరిగి వెళ్లిపోరు. గాజు తలుపులు బిగిస్తే ఆ చిల్లర్ తినే కరెంటులో మూడో వంతు దాకా మిగులుతుంది. ఏడు చోట్లా ఒకేసారి వద్దు, చిత్తూరులో మొదలుపెట్టి మూడు నెలల బిల్లు, మూడు నెలల పెరుగు అమ్మకం పక్కపక్కన పెట్టి చూడు. అప్పటిదాకా రాత్రి షట్టరు వేసేముందు చిల్లర్లకి కర్టెన్ దించమను.

తలుపులున్న ఫ్రీజర్లకి ఒక చిన్న పరీక్ష. పది రూపాయల నోటు తలుపులో సగం పెట్టి మూసి లాగు. పట్టుకుని ఉంటే రబ్బరు బాగున్నట్టు. జారి వచ్చేస్తే ఆ సందులోంచి పగలూ రాత్రీ చల్లదనం పోతోంది. రబ్బరు మార్చడానికి అయ్యేది చిన్న ఖర్చు, మార్చేవాళ్లు మాత్రం తక్కువ. కండెన్సర్ జాలీకి పట్టిన దుమ్ము నెలకోసారి బ్రష్‌తో దులపాలి. రేణిగుంట రోడ్డు పక్కనుండేదానికి నెలకి రెండుసార్లయినా తప్పదు, అక్కడ లారీల దుమ్ము నీకు తెలిసిందే. ఏసీ 24లో పెట్టించు. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్లే చెబుతున్నారు. ఎల్‌ఈడీలు వేశావు కాబట్టి లైట్ల గురించి చెప్పేదేం లేదు.

ఇవన్నీ అయ్యాకే సోలార్. చాలామంది ముందు ప్యానెళ్లు బిగించి, తర్వాత లీకయ్యే తలుపులకి ఆ కరెంటు పోస్తారు. ఒక కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల మిద్దె కావాలి, మన ఎండకి రోజుకి నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. నీ వాడకం ఎక్కువగా పగలే కాబట్టి వచ్చింది వచ్చినట్టు వాడుకోవచ్చు. చిక్కంతా అద్దె బిల్డింగులతో. లీజు ఇంకా ఎన్నేళ్లుందో చూసుకుని, ఓనరుతో మిద్దె మీద హక్కు రాయించుకున్నాకే డబ్బు పెట్టు. మిగిలిన కరెంటు లైనుకి పంపి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్ కోసం ఊళ్లు తిరగక్కర్లేదు, కరెంటు సరఫరా చేసే ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది కదా.

వెనక తలుపు దగ్గరికి వద్దాం. పోయినసారి తిరుపతి అంగడికి వచ్చినప్పుడు డబ్బాలో కొత్తిమిరి కట్టలు, మెత్తబడిన టమోటాలు, చుక్కలు పడిన అరటిపళ్లు, తేదీ ఇంకా రెండు రోజులున్న పెరుగు డబ్బాలు చూశాను. ఇవి కుప్పలో పడి గాలాడకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు చెడ్డది. అంతకన్నా ముందు, ఆ టమోటా పండడానికి పోసిన నీళ్లు, ఎరువు, లారీ డీజిలు అన్నీ వృథా. పారేసేది ఎంతో తూకం వేసి రాయమను, సరుకు వారీగా. నెల తిరిగేసరికి ఏ సరుకు అవసరానికి మించి ఆర్డరు పెడుతున్నారో పుస్తకమే చెబుతుంది.

అయితే తప్పు కుర్రాళ్లది కాదు, నువ్వు పెట్టిన పద్ధతిది. ర్యాకు ఎప్పుడూ నిండుగా కనపడాలని, ఖాళీ కనిపిస్తే మేనేజరుకి మార్కులు కోస్తానని నువ్వే అన్నావు. రాత్రి తొమ్మిదింటికి కూడా ఆకుకూరల బుట్ట పొర్లిపోతుండాలంటే తెల్లారి అందులో సగం డబ్బాలోకే. సాయంత్రం ఏడు తర్వాత బుట్ట ఖాళీ అయితే అయింది, మాట రానివ్వనని మీటింగులో నీ నోటితో చెప్పు. పారేసిన సరుకు తూకం తగ్గిస్తే బోనస్ అను. కానీ దానికి కూడా ఒక కన్నేసి ఉంచాలి, బోనస్ కోసం పాచిపోయినవి అమ్మేవాళ్లు తయారవుతారు.

ఏడు గంటలకి ఆకుకూరలు, మెత్తబడిన కూరగాయలు సగం రేటుకి పెట్టు. మెస్సుల వాళ్లు, టిఫిన్ బండ్ల వాళ్లు పరిగెత్తుకుని వస్తారు, చట్నీకి పండు టమోటానే కదా కావాల్సింది. తేదీ దగ్గరపడిన ప్యాకెట్లు తేదీ దాటకముందే అనాథాశ్రమాలకి ఇవ్వు. మిగిలిన ఆహారం పంచడానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో నిబంధనలు పెట్టింది, అవి చదివించి ఆ పద్ధతిలోనే ఇవ్వు. తేదీ దాటింది మాత్రం ధర్మానికైనా ఇవ్వకూడదు. పనికిరాని ఆకులు పశువులున్నవాళ్లు తీసుకుపోతారు. కట్టలకున్న రబ్బరు బ్యాండ్లు, ప్లాస్టిక్ తీసేయమను, ఎర్రగడ్డలు కలపొద్దను, అవి ఆవులకి పడవు. ఆ పైన మిగిలేది తడి చెత్తగా విడిగా కార్పొరేషన్ బండికి పోవాలి. నీ డబ్బాలో అట్టపెట్టెలూ కుళ్లిన కూరగాయలూ ఒకటిగా ఉన్నాయి, తడిసిన అట్టని పాత సామాన్లవాడు కూడా ముట్టడు.

సరుకు కొనే దారి గురించి కూడా ఒక మాట. పలమనేరు నుంచి తిరుపతి 110 కిలోమీటర్ల చిల్లర. ఆ పక్క పండిన టమోటాని చెన్నై కోయంబేడు మార్కెట్లో కొని మళ్లీ 140 కిలోమీటర్లు వెనక్కి తెప్పించడం ఏం వ్యాపారం? ఏజెంటుకి సులువు, అంతే. పలమనేరు, మదనపల్లె మార్కెట్లలో నీ మనిషినే పెట్టు. ఉర్లగడ్డ మన దగ్గర పెద్దగా పండదు, అది దూరం నుంచి రావాల్సిందే, దాని జోలికి పోకు. రైతు దగ్గర కొనేటప్పుడు గుండ్రటివే ఏరుకోవద్దు. వంకర వంకాయ, సైజు తక్కువ టమోటా రేటు తగ్గించి తీసుకుంటే అతను రోడ్డు పక్కన పారబోసే పని తప్పుతుంది. గంపలు, చెక్కపెట్టెలు మానేసి తిప్పి వాడుకునే క్రేట్లు ఇస్తే దారిలో నలిగేది కూడా తగ్గుతుంది. చిత్తూరు నుంచి వచ్చిన బండి ఖాళీగా తిరిగి వెళ్తోందా, క్రేట్లు దాంట్లోనే పంపు.

చివరికి ప్లాస్టిక్. 120 మైక్రాన్ల కన్నా పలచటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం, అది నీకు తెలుసు. తెలియంది ఏమిటంటే, నువ్వు గుడ్డసంచి అని ఆర్డరు ఇవ్వబోయేది గుడ్డ కాదు. శాంపిల్ చూశాను, నాన్-వోవెన్ అంటారు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్కే. అంచు కొంచెం కత్తిరించి అగ్గిపుల్ల పెట్టి చూడు. నూలయితే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలుతుంది, ఇది కరిగి ముద్ద కడుతుంది. పోనీ నిజం పత్తి సంచి ఇస్తానంటావా, 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ లెక్కేసింది. వాతావరణం వరకు చూస్తే, ఒక్కసారి వాడి పారేసే పలచటి సంచితో సమానం కావాలంటే పత్తి సంచిని 131 సార్లు వాడాలి. వచ్చినప్పుడల్లా ఒకటి ఉచితంగా ఇస్తే ఇంట్లో గుట్ట పడుతుంది తప్ప వాడరు. ఇంటి నుంచి సంచి తెచ్చుకున్నవాళ్లకి బిల్లులో రెండు రూపాయలు తగ్గించు, చాలు. మన ఆడవాళ్లకి సంచి తెచ్చుకోవడం కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

కందిబేడలు, ఉద్దిబేడలు, చెనిక్కాయలు నీ పేరుతో ప్యాకెట్లు కడుతున్నావు. నీ బ్రాండు వేసిన ప్లాస్టిక్ వాడాక ఏమవుతుందో చూసుకునే బాధ్యత, ఈపీఆర్ అనే నిబంధన కింద, నీదే, ఆడిటరుని అడిగి రిజిస్ట్రేషన్ సంగతి చూడు. వీలైన చోట డబ్బాల్లో పోసి విడిగా తూకానికి అమ్ము, పెద్దవాళ్లకి అదే ఇష్టం. అలిపిరి దగ్గరి అంగట్లో నీళ్ల సీసాలు కేసులకి కేసులు పోతున్నాయని సంబరపడ్డావు. కొండ మీద ప్లాస్టిక్ నిషేధం, తెలియని యాత్రికులు నీ దగ్గర కొని తనిఖీ దగ్గర వదిలేసుకుంటారు. అక్కడ స్టీలు సీసాలు ముందు ర్యాకులో పెట్టి, నీళ్లు నింపుకోవడానికి ఒక కుళాయి పెట్టు.

బోర్డు మీద "పర్యావరణ హితం" అని ఇప్పుడే రాయించకు. ఆధారం చూపించలేని ఇలాంటి మాటల మీద కేంద్రం 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ఏడాది పాటు గ్యాస్ కిలోలు, కరెంటు యూనిట్లు, పారేసిన సరుకు తూకం రాయించు. తగ్గాయో లేదో ఆ అంకెలే వేసి బోర్డు పెట్టుకో, ఎవరడిగినా పుస్తకం చూపించవచ్చు.

మేనేజర్ల మీటింగు ఎప్పుడు పెడతావో ముందుగా చెప్పు, నేను ఒకపూట వచ్చి సబ్బు నురగ పరీక్ష చేసి చూపిస్తాను. మెకానిక్కుల్ని కూడా రమ్మను, వాళ్లు లేకుండా ఏదీ జరగదు. ముందు పుత్తూరు అంగడి కోల్డ్ రూము చూడు, దానికి ఈ వేసవిలోనే రెండుసార్లు గ్యాస్ పట్టారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది.

ఇట్లు,
మీ చిన్నాయన, చిత్తూరు