స్పిక్ అండ్ స్పాన్: చెక్కపేడుకూ శుభ్రతకూ చుట్టరికం

సందేహం: ఇల్లు 'స్పిక్ అండ్ స్పాన్'గా ఉంది అంటుంటారు. స్పాన్ అంటే జాన కదా! శుభ్రతకూ జానకూ ఏం సంబంధం? స్పిక్ అంటే ఏమిటి?

సమాధానం: ఏ సంబంధమూ లేదు. జాన అనే అర్థమున్న స్పాన్ వేరు, ఈ స్పాన్ వేరు. ఇది స్కాండినేవియావారి ప్రాచీన భాష అయిన పాత నార్స్ నుంచి వచ్చింది. అర్థం చెక్కపేడు. బాడిసెతో కొయ్య చెక్కుతుంటే ఎగిరిపడే పేడు లేత రంగులో, దుమ్మూ ధూళీ సోకకుండా ఉంటుంది. అంత కొత్తగా ఉన్నదాన్ని నార్స్‌వారు 'పేడంత కొత్తది' అన్నారు. ఆ మాటే ఇంగ్లీషులో 'స్పాన్ న్యూ' అయింది. 14వ శతాబ్దపు మహాకవి చాసర్ కూడా దాన్ని వాడాడు. దీని తోబుట్టువు మన వంటింట్లోనే ఉంది: స్పూన్. పాత ఇంగ్లీషులో దాని అర్థమూ చెక్కపేడే. చెంచాలను కొయ్యతో చేసుకున్న కాలంలో ఆ పేరు వస్తువుకు అంటుకుంది. చెంచా స్టీలుదైనా పేరు మారలేదు.

స్పిక్ అంటే మేకు. తుప్పెరుగని కొత్త మేకన్నమాట. డచ్చి, ఫ్లెమిష్ (బెల్జియంలో మాట్లాడే డచ్చి) భాషల్లో 'మేకు, పేడు, కొత్త' అనే మూడు మాటలూ కలిసిన సమాసం ఒకటుంది. స్పిక్ అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. 1755 నాటి తన ఇంగ్లీషు నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ మరో వ్యుత్పత్తి చెప్పాడు: నేసిన గుడ్డను మేకుల చట్రానికి బిగించి సాగదీస్తారు కనుక ఈ పేరు వచ్చిందట. ఊహ ముచ్చటైనదే కానీ, నార్స్ ఆధారం ముందు నిలవదు.

ఇంతకీ 'సరికొత్త' కాస్తా 'శుభ్రం' ఎలా అయింది? 1579లో థామస్ నార్త్, ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ జీవితచరిత్రల ఇంగ్లీషు అనువాదంలో రాసింది 'స్పిక్ అండ్ స్పాన్ న్యూ' అని. అక్కడ 'న్యూ' చివర ఉంది. 17వ శతాబ్దపు లండన్‌వాసి శామ్యూల్ పీప్స్ రాసుకున్న దినచర్య (డైరీ) చూడండి. 1665 నవంబరు 15న లేడీ బాటెన్ సరికొత్త తెల్ల బూట్లు తొడుక్కుని బురద సందులో నడుస్తోంది. బూట్ల మీద వేసుకున్న తొడుగొకటి జారి బురదలో కూరుకుపోయింది. అది లేకుండానే ఇంటిదారి పట్టాల్సి వచ్చి ఆవిడ మండిపడింది. ఆ బూట్లను పీప్స్ 'న్యూ స్పిక్ అండ్ స్పాన్' అన్నాడు. 'న్యూ' ముందుకు జరిగింది, పక్కనే బురద ఉంది. మాట ఇక శుభ్రత వైపు ఒరగడానికి ఎంతో దూరం లేదు. 19వ శతాబ్దానికి 'న్యూ' రాలిపోయి 'నీటుగా, మరకలేకుండా' అన్న అర్థం స్థిరపడింది.

ఇల్లు, బల్ల, యూనిఫాం, మనిషి వేషం వంటివాటికే ఈ మాట నప్పుతుంది. నీళ్లకు, నడవడికి వాడరు. నింద తొలగినవాడిని 'స్పిక్ అండ్ స్పాన్‌గా బయటపడ్డాడు' అని రాస్తున్నారు. 'కడిగిన ముత్యంలా' అన్న చక్కటి నుడికారం చేతిలో ఉండగా ఈ అరువు దేనికి? గది 'అద్దంలా ఉంది', గిన్నెలు 'తళతళలాడుతున్నాయి' అంటే ఎవరికి తెలియదు? సంభాషణలో పాత్ర నోట వస్తే అభ్యంతరం లేదు. వ్యాసంలో మాత్రం నేనైతే కొట్టేస్తాను. అయితే వాడుకలో ఇంతగా కలిసిపోయినదాన్ని తప్పని తీర్పు చెప్పలేను.

అమెరికాలో ఉన్నవారికి ఒక హెచ్చరిక: 'స్పిక్'ను విడదీసి వాడకండి. అక్కడ అది స్పానిష్ మాట్లాడేవారిని కించపరిచే తిట్టు. ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర 'సి' ఒక్కటే కాకుండా 'సి, కె' రెండూ ఉంచడం మేలు.